ముప్పై ఆరు చుట్లు

నేను చుట్టిన ప్రతి మోటారు మీద, కంపెనీ రేకు పక్కన, తెల్ల పెయింటుతో ఒక అంకె రాస్తాను. 440 అనో, 400 అనో, 360 అనో. ఆ మోటారును ఎంత వోల్టేజికి చుట్టానో ఆ అంకె చెబుతుంది. నంద్యాలలో మిగతా వైండింగ్ షాపుల వాళ్లు దీన్ని చాదస్తం అంటారు. పెయింటు ఆరడానికి ఒక పూట పడుతుంది. ఆ పూటంతా రైతు షాపు ముందు బల్ల మీద కూర్చుని విసుక్కుంటాడు. అయినా అంకె లేకుండా మోటారును గడప దాటనివ్వను. ఆ అంకె రాయని రోజుల్లో నేను చేసిన పని గురించి ఇప్పుడు చెబుతాను.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. వైండింగ్ చూసి నేర్చుకున్నాను. లెక్క మాత్రం ఒక పుస్తకం నేర్పింది. కర్నూలులో పాత పుస్తకాల అంగడిలో దొరికిన పాలిటెక్నిక్ పుస్తకం అది. అట్ట లేదు, మొదటి ముప్పై పేజీలు లేవు. అందులోని ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. అంకెలు మాత్రం ఏ భాషలోనైనా ఒకటే కాబట్టి అవి పట్టుకుని నడిచాను. వర్గమూలం చేత్తో తీయడం నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది. మూడు వర్గమూలం ఒకటి పాయింట్ ఏడు మూడు రెండు అని తేలిన రోజు, పుస్తకంలో ఉన్న అంకె నా కాగితం మీద కూడా వచ్చిందని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

డెబ్బయ్యో దశకం చివరి సంవత్సరాలు అవి. అయిదు హార్స్‌పవర్ మోటార్లు కాలి షాపుకు వచ్చేవి. చుట్టి పంపితే మళ్లీ వచ్చేవి. బేరింగు పోయిందనీ, నీళ్లు లేకుండా తిప్పారనీ, స్టార్టర్ తనంతట తాను ఆగిపోకుండా పిడికి దారం కట్టి వదిలేశారనీ తోటి మేస్త్రీలు ఏదో ఒక కారణం చెప్పేవాళ్లు. అవన్నీ నిజమే. కానీ నేను ఒక నోటుపుస్తకం పెట్టి ఏ ఊరి మోటారు ఎన్నిసార్లు వచ్చిందో రాసుకుంటూ పోయాను. రెండేళ్లకు ఒక సంగతి తెలిసింది. నంద్యాల చుట్టుపక్కల మోటార్లు ఒకసారి వచ్చి ఊరుకుంటున్నాయి. ఆళ్లగడ్డ అవతల, కరెంటు లైను చివర ఉన్నవి రెండుసార్లు, మూడుసార్లు వస్తున్నాయి. దారం అందరూ కడుతున్నారు. కాలుతున్నవి మాత్రం చివరివి.

ఆ చివరివాళ్లలో ఒక రిటైరైన బడిపంతులు ఉండేవాడు. మిషన్ బళ్లలో ముప్పై ఏళ్లు చెప్పి, ఆళ్లగడ్డ దగ్గర మూడెకరాలు కొనుక్కుని పసుపు పెట్టాడు. ఆయన మోటారు మూడోసారి కాలినప్పుడు బస్సు టాపు మీద వేసుకుని తనే తెచ్చాడు. దించడానికి సాయం పట్టాను.

"దీనికి నీ షాపు కంటే ఇల్లు ల్యా అప్పా. ఈడనే ఉంచుకో," అన్నాడు.

"పంట ఎట్లుంది సార్?"

"రెండేండ్లు ఎండబెట్టినా. ఇంగొక్కసారి ఎండితే భూమి కౌలుకిచ్చేస్తానని మా ఇంటామెకు మాటిచ్చినా. ఆమె దాన్ని బైబిల్లో రాసి పెట్టింది, తారీకు ఏసి."

నవ్వుతూ చెప్పాడు కానీ కళ్లు కాలిన కాయిళ్ల మీద ఉన్నాయి. ముప్పై ఏళ్లు ఏ ఊరికి మారమంటే ఆ ఊరికి మారిన మనిషికి మొదటిసారి తన కాళ్ల కింద ఉన్న నేల అది. దాన్ని వదులుకునే వయసు కూడా కాదు ఆయనది, ఇంకా అరవై దాటలేదు.

మోటారును ఎప్పటిలాగే చుట్టి పంపేటప్పుడు నా దగ్గరున్న వోల్ట్‌మీటరు ఆయనకిచ్చాను. రోజుకు మూడుసార్లు చూసి రాయమన్నాను. మోటారు ఒంటి వేడి కూడా కావాలి. దానికి పరికరం లేదు. అరచెయ్యి ఆనించి, ఓర్చుకోలేక తీసేదాకా అంకెలు లెక్కపెట్టమన్నాను.

"అంకెలైతే ఒగసారి బేగా చెప్తాను, ఒగసారి నిదానంగా చెప్తాను. ప్రభువు ప్రార్థన చెప్పుకుంటాలే. నలభై ఏండ్లుగా అది ఒకటే నడక," అన్నాడు.

అలా ఆయన పుస్తకంలో నాలుగో వరస తయారైంది. ప్రార్థన పూర్తయ్యేదాకా చెయ్యి ఉంచగలిగితే 'ఆమెన్' అని రాసేవాడు. రోజువారీ ఆహారం అడిగే చోటికి వచ్చేసరికి చెయ్యి తీయాల్సివస్తే 'రొట్టె' అని. మొదట్లోనే, దేవుని నామం దగ్గరే చెయ్యి కాలితే 'నామం' అని. ఇంత నికరమైన కొలత నేను మళ్లీ ఏ పొలంలోనూ చూడలేదు.

నాలుగు నెలల తర్వాత ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. ఉండాల్సింది నాలుగు వందల నలభై. ఆయనకు అందుతున్నది మూడు వందల పది, మూడు వందల ముప్పై. తెల్లవారుజామున ఎప్పుడైనా మూడు వందల ఎనభై. అంతకు మించి ఒక్క రోజు కూడా లేదు.

లెక్క చిన్నది. కంపెనీ వాడు ఒక్కో కాయిలుకు నలభై నాలుగు చుట్లు పెట్టాడు. నాలుగు వందల నలభైని నలభై నాలుగుతో భాగిస్తే పది. అది మోటారుకు సరిపడే తిండి అనుకున్నాను. మూడు వందల ముప్పై అయితే ఏడున్నర. తిండి ముప్పాతికకు తగ్గితే మోటారు బలం ముప్పాతిక కాదు, ముప్పాతికలో ముప్పాతిక. అంటే సగానికి కాస్త పైన. బావిలో నీళ్ల బరువు మాత్రం తగ్గదు. ఆ బరువు లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు తాగుతుంది, వేడెక్కి కాలిపోతుంది. కరెంటును నేను పెంచలేను. చుట్లు తగ్గించగలను. ముప్పై ఆరు చుట్లు, ఒక గేజి లావు తీగ. అప్పుడు మూడు వందల ముప్పైకి తొమ్మిది పైన వస్తుంది. మూడు వందల ఎనభై వచ్చినా పదిన్నర దగ్గరే ఆగుతుంది.

పంతులు మోటారునే మళ్లీ తెప్పించి మొదట అలా చుట్టాను. పది రోజులకు పోస్టుకార్డు రాశాడు. వోల్టేజి 320, వేడి ఆమెన్. మరుసటి వారం కూడా ఆమెన్. ఆ ఏడాది ఆయన పసుపు ఎండలేదు.

తర్వాత జనం వచ్చారు. ఉయ్యాలవాడ నుంచి ఒక పెద్ద రైతు, తాతలనాటి నుంచి భూములున్నవాడు, ఒకేసారి మూడు మోటార్లు బండి మీద తెచ్చి దించాడు. షాపు ముందు నిలబడి దారిన పోయేవాళ్లకు కూడా వినపడేలా చెప్పాడు.

"ఈయప్ప చుట్టినాడంటే దీపం ఎలుతురుకైనా మోటారు తిరుగుతాది. ఇంజినీర్లు ఏం జేస్తాండారో నాకు తెల్దు."

నాకది బాగుంది. దాచుకోవడం ఎందుకు. ఎనిమిదో తరగతి వాడికి అలాంటి మాట ఎన్నిసార్లు వినపడుతుంది. మూడేళ్లలో ముప్పై ఆరు చుట్ల మోటార్లు నలభై మూడు చేశాను. ప్రతిదీ పుస్తకంలో ఉంది. ఊరు, రైతు, గేజి, చుట్లు, తేదీ. పుస్తకంలో ఉంది కానీ రైతులకు చెప్పలేదు. ఇది తక్కువ కరెంటుకే పనికొస్తుందని, కరెంటు బాగుపడిన రోజు ఇదే మోటారు కాలుతుందని ఒక్కరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. చెబితే భయపడి చుట్టించుకోరన్నది ఒక కారణం. అసలు కారణం మాత్రం వేరు. కరెంటు బాగుపడుతుందని నేను నమ్మలేదు. శ్రీశైలంలో కరెంటు తయారు చేస్తారని, ఇక మనకు కొదవుండదని టీ అంగట్లో మాట్లాడుకునేవాళ్లు. నేను విని నా లెక్క నేను చేసుకునేవాణ్ణి. నాలుగు నెలల అంకెలు చూసి, ఇక ముందు కూడా ఇవే అంకెలని స్థిరపడిపోయాను. లెక్కలు నిదానంగా నేర్చుకున్నవాడు చేసే తప్పు ఇది. చూసిన అంకెలను మరీ ఎక్కువగా నమ్ముతాడు.

ఎనభైల మొదట్లో, ఒక డిసెంబరు నెలలో పంతులు కార్డు వచ్చింది. ఆళ్లగడ్డ పక్కన కొత్త సబ్‌స్టేషను మొదలైందట. ఆయన రాత ఎప్పటికంటే పెద్దగా ఉంది. "సోమవారం 425. మంగళవారం 430. బుధవారం 440. జీవితంలో చూడని అంకెలు. దేవునికి స్తోత్రం." కింద నాలుగో వరస కూడా ఉంది. సోమవారం ఆమెన్. మంగళవారం ఆమెన్. బుధవారం రొట్టె.

కార్డు బల్ల మీద పెట్టి, దాని పక్కనే భాగించాను. నాలుగు వందల నలభైని ముప్పై ఆరుతో. పన్నెండు పాయింట్ రెండు. పది తినే కడుపుకు పన్నెండు పైన. ఇనుము ఒక హద్దు దాకానే తీసుకుంటుంది. ఆపైన పెట్టిందంతా వేడే. కార్డు మీద ముద్ర చూస్తే నాలుగు రోజుల కిందటిది.

షాపు మూసి బస్సెక్కాను. సంచిలో టాంగ్ టెస్టరు, స్పానర్లు, ఆ నలభై మూడు పేర్ల పుస్తకం. ఆళ్లగడ్డ దాకా ఆ పుస్తకం తెరిచి మూస్తూ కూర్చున్నాను. దిగి మూడు మైళ్లు నడవాలి. దారి పొడుగునా బావుల దగ్గర మోటార్లు మోగుతున్నాయి. అవి మోగుతున్నంతసేపు ఇంకా కాలలేదని అర్థం. నా నడక మాత్రం తగ్గలేదు.

పంతులు భార్య వాకిట్లో మిరపకాయలు ఏరుతోంది. నన్ను చూసి నవ్వింది.

"రా నాయనా. మీ సారు బావికాడుండాడు. కొత్త కరెంటొచ్చినకాడి నుంచి ఇంటికి ఎప్పుడొస్తాండాడో, ఎప్పుడు పోతాండాడో. మీటరు కాడ కూచ్చొని పండగ జేస్తాండాడు."

బావి మెట్లు దిగుతుంటేనే వార్నిష్ కాగుతున్న వాసన తగిలింది. మోటారు తిరుగుతోంది. ఆయన లేచి, మీటరు చూపించాడు. ముల్లు నాలుగు వందల నలభై మీద కదలకుండా ఉంది.

"సూడప్పా. మనం బతికుండంగానే సూసినాం," అన్నాడు.

నేను పోయి స్విచ్చి ఆపేశాను. నీళ్ల చప్పుడు ఆగిపోయింది. మోటారు మీద చెయ్యి పెట్టి చూశాను, ఉంచలేకపోయాను. మూలకు ఒదిగి చెప్పాల్సిందంతా చెప్పాను. చుట్లు ఎందుకు తగ్గించానో, ఈ అంకె ఎందుకు మంచిది కాదో. ఆయన చివరిదాకా విన్నాడు. బడిలో పిల్లవాడు తప్పు ఒప్పుకుంటుంటే వినే అలవాటు అనుకుంటాను.

"ఇది నీకు అప్పుడే తెల్సునా?"

"తెలుసు సార్."

"నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తే చుట్టించుకుంటారో లేదో అని."

"చుట్టించుకుంటాంటిని. నాకాడ ఇంగేముండ్య." మీటరు వైపు చూసి, "రోజూ మూడుతూర్లు రాసినానప్పా నీకు. అంకెలన్నీ నీకిస్తిని. నువ్వు ఒక్కటి ఇయ్యల్యా," అన్నాడు.

నేను సంచి తెరిచి స్పానర్లు బయట పెట్టాను.

పైనుంచి ఆమె గొంతు వినిపించింది. "నీళ్లెందుకు ఆగిపాయ?" ఆయన నావైపు తిరిగి నిదానంగా అడిగాడు. "పసుపుకు ఇంగా ఆరు వారాల తడి కావల్ల. మోటారు ఇప్పి, నంద్యాలకు మోసి, చుట్టి, ఆరబెట్టి, మళ్లీ బిగించాలంటే ఎన్నాళ్లు?"

"పది రోజులు. నా షాపులో ముందు వరసలో ఇప్పటికే ఆరు ఉన్నాయి. ఇంకా వస్తాయి."

"పది రోజులు తడి లేకుంటే దుంప ఊరదు."

మెట్ల మీద కూర్చుని, కార్డు వెనకాలే లెక్క వేశాను. మోటారులో మూడు చుట్టలుంటాయి. వాటి కొసలు కలిపే పద్ధతులు రెండు. ఈ మోటారు డెల్టాలో ఉంది. అంటే ఒక్కో చుట్టకు మొత్తం నాలుగు వందల నలభై అందుతుంది. స్టార్‌లోకి మారిస్తే దాన్ని ఒకటి పాయింట్ ఏడు మూడు రెండుతో భాగించాలి. రెండు వందల యాభై నాలుగు. ముప్పై ఆరుతో భాగిస్తే ఏడు. ఏడులో బలం సగమే. సగం బలంతో మొత్తం నీళ్లు లాగితే మళ్లీ కాలుతుంది. కానీ నీళ్ల గొట్టం వాల్వు సగం మూసి, బరువు కూడా సగం చేస్తే నిలబడవచ్చు. నిలబడవచ్చు అన్నానే కానీ నిలబడుతుంది అనలేదు. ఆ రోజు మొదటిసారి లెక్కతో పాటు దాని అనుమానాన్ని కూడా ఆయన ముందు పెట్టాను.

మోటారు చల్లారేదాకా ఆగి, కొసలు కలిపే ఇత్తడి పట్టీలు విప్పి, మార్చి బిగించాను. మోటారు ఎన్ని ఆంపియర్ల కరెంటు తాగుతోందో చూపే టాంగ్ టెస్టరును తీగకు తగిలించి ఆయన చేతికిచ్చాను, అయిదు దాటనివ్వద్దన్నాను. వాల్వు చక్రాన్ని నేను కొంచెం కొంచెంగా తెరిచాను. ముల్లు అయిదు దగ్గరికి వచ్చినప్పుడు ఆయన చాలన్నాడు. ఆ చోట చక్రం మీద, గొట్టం మీద సుద్దతో ఒకే గీత గీశాను. కాలువలో నీళ్లు సన్నగా, మడమ మునిగేంత పారాయి.

ఆమె మెట్ల దాకా వచ్చి చూసింది. "ఇదేంది, మేక తాగేంతే ఉండాది."

"సగమే వస్తాయి," అన్నాడు ఆయన. "మూడెకరాల్లో ఒకటిన్నర తడుస్తాది. రేయింబవళ్లు తిప్పితే రెండు."

"మూడోది?"

"ఇడిసిపెడతాం."

ఆమె నావైపు చూసింది. అన్నం తిని పొమ్మంది. తిన్నాను.

మిగిలినవి నలభై రెండు ఉన్నాయి. రెండు వారాలు షాపు తెరవలేదు. పుస్తకంలో వరస ప్రకారం కాక, సబ్‌స్టేషనుకు దగ్గరున్నవి ముందు, దూరమైనవి తర్వాత అని మళ్లీ రాసుకున్నాను, ఎందుకంటే దగ్గరివే ముందు కాలుతాయి. బస్సు, నడక, ఎవరి బండైనా దొరికితే బండి. ప్రతిచోటా అదే మాట చెప్పాలి. నేను చుట్టిన మోటారు ఈ కరెంటుకు ఆగదు. ప్రతిచోటా అదే చూపు చూడాలి. కరెంటు లేదని ఏడ్చిన వాళ్లకు, కరెంటు వచ్చింది కాబట్టి నీళ్లు సగమే తీసుకోండని చెప్పడం ఎలా ఉంటుందో చెప్పలేను. పట్టీలు మార్చడానికి పది నిమిషాలు, ఒప్పించడానికి ఒక్కోసారి పూట. సాయంత్రానికి నా గొంతు నాకే విసుగు పుట్టేది. కొన్నిచోట్ల నేను వెళ్లేసరికే మోటారు చల్లగా ఉంది. చల్లగా ఉందంటే కాలి ఆగిపోయిందని.

ఉయ్యాలవాడ రైతు మూడు మోటార్లకూ పట్టీలు మార్చాను. గీత గీసి, దాటించవద్దని చెప్పాను. షాపు మళ్లీ తెరిచిన మొదటి రోజే ఆయన ఒకదాన్ని బండి మీద తెచ్చి దించాడు.

"గీత దాటించినారా?" అన్నాను.

"దాటిస్తి. నిండా కరెంటు పెట్టుకోని సగం నీళ్లు పారిచ్చేకి నాకేమన్నా పిచ్చా." బల్ల మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "దీపం ఎలుతురుకు తిరుగుతాదని ఊరంతా చెప్పినా నీ గురించి. ఇప్పుడు ఎండొచ్చేతలికి కాలిపాయనని చెప్పల్ల."

"చెప్పండి," అన్నాను. అంతకంటే అనే ఓపిక లేదు. తప్పు కూడా ఆయనది సగమే.

మొత్తం మీద నలభై మూడింటిలో పద్నాలుగు కాలాయి. ఆ పద్నాలుగూ కూలి లేకుండా చుట్టాను. ఎవరూ దానికి సంతోషించలేదు, నేను కూడా.

పంతులు కార్డులు ఆపలేదు. నేను ఆపేస్తాడనుకున్నాను. ఊళ్లన్నీ తిరిగాక టాంగ్ టెస్టరు ఆయనకే ఇచ్చాను కాబట్టి మధ్యలో ఆంపియర్ల అంకె చేరింది; మిగతావి పాత వరసలే, పాత రాతే, స్తోత్రం మాత్రం లేదు. 440, అయిదు, ఆమెన్. 435, అయిదు, ఆమెన్. జనవరిలో ఒక కార్డు మీద 'రొట్టె' అని చూసి మళ్లీ బస్సెక్కాను. వెళితే గీత చోటే ఉంది. మోటారు గాలి ఆడే రంధ్రాల్లో గడ్డి చేరింది. తీసేశాను. ఆయన కూర్చున్న చోటు నుంచి లేవకుండా, "ఇంత దూరం దీనికే వచ్చినావా," అన్నాడు. అవునన్నాను. ఆమె ఆ రోజు మజ్జిగ ఇచ్చింది.

తవ్వకం రోజు నేను వెళ్లాను, పిలవకపోయినా. వదిలేసిన ఎకరంలో ఆకు ఎప్పుడో ఎండి నేలకు అంటుకుంది. దుంప తీస్తే వేలి లావు కూడా లేదు. మిగతా రెండెకరాల్లో దుంప పడింది. గొప్పగా కాదు, పడింది. ఆయన ఒక కొమ్ము విరిచి లోపలి రంగు చూసి, భార్య చేతికిచ్చాడు. ఇంకొక్కసారి ఎండితే భూమి కౌలుకేనని ఆమె బైబిల్లో రాసుకున్న మాట మా ముగ్గురికీ తెలుసు.

"మూడింట్లో రెండు," అన్నాడు ఆయన. "దీన్ని ఎండినట్లు లెక్కేస్తావా, పండినట్లా?"

ఆమె కొమ్మును కొంగులో వేసుకుంది. "లెక్కలు మీ ఇద్దరికే కదా వచ్చేది. నన్నడుగుతావేంది." నాలుగు అడుగులు వేసి ఆగింది. "ఇత్తనానికి పెద్ద కొమ్ములు పక్కన పెట్టు. చిన్నవి ఉడకేస్తాం."

విత్తనం పక్కన పెట్టమందంటే వచ్చే ఏడు పెడతారని. ఆయన వంగి, పెద్ద కొమ్ములు ఏరడం మొదలుపెట్టాడు. నేనూ వంగి ఏరాను. నడుము నొప్పి పుట్టేదాకా ఎవరం లేవలేదు.

వేసవిలో ఆయన మోటారును మళ్లీ బస్సు టాపు మీద తెచ్చాడు. నలభై నాలుగు చుట్లు పెట్టాను. కాయిలు చుడుతుంటే ఎదురుగా కూర్చుని ఆయన కూడా లెక్కపెట్టాడు. నేను నలభై నాలుగు అన్నప్పుడు ఆయనా నలభై నాలుగు అన్నాడు. వార్నిష్ ఆరాక, తెల్ల పెయింటు తెచ్చి రేకు పక్కన 440 అని రాశాను. కుంచె చివర ఇంకా తడిగా ఉండగా చెప్పాను.

"ఇది నిండు కరెంటుకు సార్. మూడు వందల ఎనభై కంటే తగ్గితే వాల్వు మూయాలి. మూడు వందల యాభై కంటే తగ్గితే మోటారు ఆపేయాలి. మళ్లీ తగ్గదని నేను చెప్పలేను."

"రాసిచ్చు," అన్నాడు.

ఆయన నోటుపుస్తకం అట్ట లోపల రాసిచ్చాను. ఆయన చదివి, కింద నన్ను తేదీ వేయమన్నాడు. వేశాను.

కొత్త బావులు పడుతూ వచ్చాయి. ప్రతి బావికీ ఒక మోటారు. రెండేళ్లకు కార్డుల మీద అంకెలు దిగడం మొదలైంది. 430, 415, 400. మొన్నటి కార్డు మీద 385 ఉంది. నాలుగో వరసలో ఆమెన్. కింద ఒక్క వాక్యం అదనంగా రాశాడు, వాల్వు మీద చెయ్యి పెట్టుకునే కూర్చున్నానని.